చవుడు మిద్దె చలవ

ఎండాకాలంలో ఆకాశవాణి ప్రాంతీయ వార్తలు పెడితే రెంటచింతల పేరు వినిపించాల్సిందే. పొద్దున 6.45 అయ్యేసరికి మా తాతయ్య అరుగు మీద ట్రాన్సిస్టరు పక్కన పెట్టుకుని కూర్చునేవాడు. నిన్న రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ ఎండ రెంటచింతలలోనే కాసిందని చెప్పగానే, "చూశావుటే, మళ్ళీ మనదే!" అని అమ్మమ్మకి వినబడేలా అరిచేవాడు. మాది రెంటచింతల కాదు, పల్నాట్లోనే దానికి రెండు కోసుల దూరంలో ఉన్న చిన్న ఊరు. అయినా ఆ ఎండ మాదేనని అందరికీ ఒక పట్టుదల ఉండేది. అమ్మమ్మ మాత్రం ఆ వార్త విని చేసేది ఒక్కటే, వసారాలో కుండ మూత తీసి నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో చూసుకునేది.

1980ల్లో మా సెలవులన్నీ అక్కడే గడిచాయి. గుంటూరులో మాచర్ల వెళ్ళే మీటరు గేజి రైలెక్కితే, పిడుగురాళ్ళ దగ్గర సున్నపు బట్టీల పొగ కనిపించగానే అమ్మ కిటికీ రెక్కలు దించేసేది. అక్కడినుంచి గాలి మారిపోయేది. నడికుడి, గురజాల దాటేసరికి కిటికీ ఊచ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది. ఇత్తడి మరచెంబుకి తడి గుడ్డ చుట్టి కిటికీ దగ్గర వేలాడదీసేది అమ్మ. ఆ గాడ్పు తగిలేకొద్దీ చెంబులో నీళ్ళు చల్లబడేవి. గుడ్డ ఆరినప్పుడల్లా మళ్ళీ తడిపే పని నాది.

నాన్న వాళ్ళది బాపట్ల వైపు. అక్కడి ఎండ వేరు. సముద్రం దగ్గర కాబట్టి ఉక్కపోత. చెమట పట్టడమేగానీ ఆరడం ఉండదు, వీపంతా చెమటకాయలు లేచేవి. నాయనమ్మ ముంజల మీది పలచటి తొక్క తీసి వాటి మీద రుద్దేది. పల్నాట్లో చెమట పట్టిన సంగతే తెలియదు, పట్టినది పట్టినట్టే ఆవిరైపోతుంది. పెదాలు పగిలేవి, ఒక్కోసారి ముక్కులోంచి నెత్తురు వచ్చేది. ఒంట్లో నీరు పోతున్నట్టు మనిషికి తెలియకపోవడమే ఆ ఎండలో ఉన్న ప్రమాదం. అందుకే అమ్మమ్మ దాహమేస్తుందా అని అడిగేది కాదు. చెంబు చేతికిచ్చి, "తాగు. నిలబడి కాదు, కూసోని తాగు" అనేది. చెంబు ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడేది.

కుండ నీళ్ళ సంగతీ అంతే. బాపట్లలో కుండ నీళ్ళు చల్లగా ఉండేవిగానీ పల్నాటి కుండ నీళ్ళంత కాదు. మట్టి కుండకి కంటికి కనిపించని రంధ్రాలుంటాయి, వాటిలోంచి నీరు చెమర్చి ఆరిపోతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఆ ఆరడం మందగిస్తుంది. పల్నాటి గాలి ఎముకంత పొడిగా ఉంటుంది కాబట్టి కుండ పని కుండ చక్కగా చేసుకుపోయేది. ఇదంతా నేను చాలా ఏళ్ళ తర్వాత చదువుకుని తెలుసుకున్నది. అమ్మమ్మకి మాత్రం వయ్యారిభామ ఎక్కడ పెరుగుతుందో, పాము ఎక్కడ ఉంటుందో తెలిసినట్టే ఇదీ తెలుసు. "గాలి తగిలే చోట పెట్టాలి కుండని, నీడైతే సాలదు" అనేది.

కుండ కొనడం అమ్మమ్మకి పెద్ద పని. ఉగాది వెళ్ళగానే కుమ్మరి బండి వచ్చేది. ఒక్కో కుండనీ ఎడమ అరచేతిలో ఎత్తి పట్టుకుని కుడిచేతి వేలి కణుపుతో మెల్లగా కొట్టేది. ఖంగుమంటే పక్కన పెట్టేది. మోత బొంగురుగా వస్తే సన్నటి పగులున్నట్టే, మాట్లాడకుండా తిరిగి బండిలో పెట్టేసేది. కుమ్మరాయన కూడా ఏమీ అనేవాడు కాదు. తెచ్చిన కుండని ఒక పగలూ ఒక రాత్రీ నీళ్ళు పోసి నాననిచ్చి, ఆ నీళ్ళు పాదులకి పోసి, అప్పుడు మంచినీళ్ళు నింపేది. వసారాలో ఉత్తరం వైపు ఇసుక దిబ్బ చేసి, దాని మీద కుండ కూర్చోబెట్టి, చుట్టూ ఇసుకలో మెంతులు చల్లేది. కుండ చెమరింపుకే అవి మొలిచేవి. మొలకలు పచ్చగా లేస్తే కుండ బాగా పనిచేస్తున్నట్టు గుర్తు. ఆ మెంతికూరతోనే ఒకపూట పప్పు. రోజూ పొద్దున కుండ బయటి వైపు కొబ్బరిపీచుతో రుద్ది కడిగేది. నీళ్ళలోని ఉప్పు పేరుకుని రంధ్రాలు మూసుకుపోతే కుండ చల్లబడదు. ఎంత రుద్దినా ఒక ఎండాకాలమే దాని ఆయుష్షు. పాత కుండ లోపలి గదిలోకి వెళ్ళి పప్పులు దాచుకునే కుండ అయిపోయేది.

పొలానికి వెళ్ళేటప్పుడు తాతయ్య సొరబుర్రలో నీళ్ళు తీసుకెళ్ళేవాడు. ఎండిన సొరకాయని తొలిచి, మూతికి తాడు కట్టిన బుర్ర అది. మధ్యాహ్నందాకా నీళ్ళు వేడెక్కేవి కాదు. ఇప్పుడు ప్లాస్టిక్ సీసాల్లో వేడి నీళ్ళు తాగుతూ పొలం పని చేస్తున్నవాళ్ళని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఇల్లు కూడా చెప్పాలి. మాది చవుడు మిద్దె. మూరెడున్నర మందం రాతి గోడలు. టేకు దూలాలు, వాటి మీద దంతెలు, దంతెల మీద నాపబండలు, ఆపైన జానెడు మందాన మట్టి, అన్నిటికీ పైన నీళ్ళు దిగనివ్వని చవుడు మన్ను. పల్నాట్లో నాపరాయికి కొదవ లేదు, తవ్వినచోటల్లా పలకలు పలకలుగా లేస్తుంది. పగలు ఆ ఇంట్లోకి బయటినుంచి వస్తే గుహలోకి వచ్చినంత చల్లగా ఉండేది. అంత మందపు గోడనీ, మట్టినీ దాటి ఎండ లోపలికి దిగేసరికి పొద్దుగుంకేది. అందుకే పగలు లోపల, రాత్రి బయట. దీపాలు పెట్టే వేళకి రాయి తాగిన వేడంతా లోపలికి వదలడం మొదలుపెట్టేది, అప్పుడు ఇంట్లో ఒక్క క్షణం నిలబడలేం. వానలు రాకముందే, రోహిణి కార్తెలోనే, మిద్దె మీద కొత్త చవుడు పరిచేవాళ్ళు. బండ్లతో చవుడు తోలుకొచ్చి, తట్టలకెత్తి, నిచ్చెన మీదుగా పైకి చేరవేసి, తొక్కి చదును చేయాలి. వాన కురిస్తే లోపలికి చుక్క దిగకుండా కాపాడేది అదే. రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారే, ఆ ఎండలో ఈ పని. అందుకే తెల్లవారుజామున నాలుగింటికే మొదలయ్యేది.

అసలు ఊరు ఊరంతా ఎండని బట్టి పొద్దుని తిప్పి పెట్టుకునేది. మిరపకోతలకి వెళ్ళే ఆడవాళ్ళు కోడి కూయకముందే సద్దిగిన్నెలతో బయలుదేరేవాళ్ళు, పదకొండు కొట్టేసరికి ఇళ్ళకి చేరేవాళ్ళు. పన్నెండు నుంచి నాలుగు దాకా వీధిలో మనిషి కనపడడు. కాకి వేపచెట్టు మీద కూర్చుని నోరు తెరిచిందంటే అమ్మమ్మ తలుపు గడియ వేసేసేది. మైదానాల్లో 45 డిగ్రీలు తాకితే వడగాల్పు, 47 తాకితే తీవ్రమైన వడగాల్పు అని వాతావరణ శాఖ లెక్క. మా ఇంట్లో కాకి ముక్కే లెక్క.

గడియ వేశాక పిల్లలం లోపలి గదిలో నాపరాళ్ళ గచ్చు మీద చాపలు కూడా లేకుండా పొర్లేవాళ్ళం. ముందు ఆ గచ్చుని తడి గుడ్డతో తుడిచేది అత్తయ్య. ఒక వైపు చల్లదనం అయిపోతే పక్కకి జరిగేవాళ్ళం. అష్టాచెమ్మా, వామనగుంటలు, మధ్యలో జగడాలు. గొంతు పెరిగితే తాతయ్య తాటాకు విసనకర్ర కాడతో గోడని కొట్టేవాడు. ఆ విసనకర్రకి అంచులు చిరిగిపోకుండా పాత చీర గుడ్డ కుట్టి ఉండేది. నీళ్ళలో ముంచి దులిపి విసిరితే సన్నటి తుంపరతో కలిసి గాలి వచ్చేది. తడి తాటాకు వాసన తెలిసినవాళ్ళకి తెలుసు. శ్రీరామనవమికి పానకం, వడపప్పుతో పాటు విసనకర్ర కూడా పంచేవాళ్ళు మా ఊళ్ళో. బెల్లం, మిరియాలు, యాలకులు వేసిన పానకం, నానబెట్టిన పెసరపప్పు, చేతిలో విసనకర్ర. మొదలుకాబోయే ఎండకి దేవుడి పేరు మీద ఊరు చేసుకునే ఏర్పాటు అది.

తిండి అంతా చలవ చేసేదీ వేడి చేసేదీ అని రెండుగా చీలిపోయేది. పొద్దున తరవాణి అన్నం. దానికో కుండ విడిగా ఉండేది, దాన్ని పిల్లలెవరూ ముట్టుకోకూడదు. అన్నం వార్చిన గంజి, కాసిని నీళ్ళు, ఉప్పు, రెండు నిమ్మాకులు వేసి పులియనిచ్చేది అమ్మమ్మ. రోజూ కొత్త గంజి పోస్తూనే ఉండాలి, లేకపోతే వాసన మారిపోతుంది. రాత్రి అన్నం అందులో వేస్తే పొద్దుటికి చల్లగా, పుల్లగా తయారయ్యేది. పచ్చి ఉల్లిపాయని గచ్చు మీద పెట్టి పిడికిలితో ఒక్క దెబ్బ వేసి, ఆ చిట్లిన ముక్కలు నంచుకుని తినేవాళ్ళం. కత్తితో కోసిన ఉల్లిపాయకి ఆ రుచి రాదు. ఆ అన్నం తిన్నవాడు మధ్యాహ్నందాకా ఎండలో నిలబడగలిగేవాడు. ఉప్పు, పులుపు, నీళ్ళు, గింజ, ఇప్పుడు డాక్టర్లు పొట్లాల్లో ఇచ్చేది దాదాపు ఇదే కదా.

పదకొండింటికి మజ్జిగ. వెన్న తీసేసిన పలచటి మజ్జిగలో అల్లం, పచ్చిమిరపకాయ దంచి వేసి, కరివేపాకు నలిపి వేసి, దాకెడు చేసేది. అందులో ఇంట్లోవాళ్ళు తాగేది సగమే. మిగతా సగం వాకిట్లోంచి వెళ్ళే వాళ్ళకి. పోస్టుమాను సైకిలు దిగేవాడు, బండి తోలుకెళ్ళేవాళ్ళు ఆగేవాళ్ళు. పేరు, ఊరు అడగకుండా చెంబు నిండా పోసేది. రాత్రికి సొరకాయో బీరకాయో, పెసరకట్టో. ఆవకాయ పెట్టే రోజుల్లోనే ఆవకాయ తక్కువ తినమనేది అమ్మమ్మ, ఆ మాటొక్కటి ఇంట్లో ఎవరూ వినేవాళ్ళు కాదు.

ఒళ్ళు వేడి చేసిందంటే ఆముదం. అమ్మమ్మ తన ముందు మమ్మల్ని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టుకుని, ఎడమ అరచేతిలో ఆముదం పోసుకుని, మాడు మీద పెట్టి, అది ఇంకేదాకా అరచేత్తో తట్టేది. జిడ్డు కణతల మీదికి కారేది. తర్వాత అరికాళ్ళకి. ఆ బరకచేతులు అరికాళ్ళ మీద తిరుగుతుంటే చక్కిలిగింత పుట్టి కాలు లాక్కుంటే, మోకాలు తన చంకలో ఇరికించుకుని మరీ రాసేది. "మాడు మాడిపోద్ది, కదలమాక" అనేది. ఆ రాత్రి నిద్ర ఎలా పట్టేదో చెప్పలేను. కళ్ళమంట పోయేది.

నాలుగు దాటాక మోటబావి. రాయి తొలిచి కట్టిన బావి అది, మోట మానేసి మోటారు పెట్టాక కూడా ఆ పేరే. సాగరు కుడి కాలువ మాకు దగ్గరేగానీ ఎండాకాలం దాంట్లో నీళ్ళుండేవి కావు. ఊరి చెరువులు నింపడానికి ఎప్పుడైనా తాగునీరు వదిలితే అదో పండగ. మామూలుగా మాత్రం బావే దిక్కు. మామయ్య నడుముకి రెండు ఎండిన సొరబుర్రలు కట్టి పైనుంచి నీళ్ళలోకి దింపేవాడు. పై నీళ్ళు గోరువెచ్చగా, నడుం కిందికి వచ్చేసరికి వణుకు పుట్టేంత చల్లగా ఉండేవి. ఆడపిల్లలకి ఈత ఎందుకని అన్నవాళ్ళున్నారు. మామయ్య వినలేదు. ఆ ఒక్క సంగతికి ఆయనకి జీవితాంతం రుణపడి ఉంటాను.

బావి నుంచి వచ్చేసరికి అత్తయ్య వాకిట్లో నీళ్ళు చల్లుతూ ఉండేది. ఒక్కసారి చల్లితే చాలదు. మొదటి బిందె నీళ్ళు పడగానే నేల బుస్సుమని ఆవిరి వదిలేది, ఆ ఆవిరికి అక్కడ నిలబడలేం. రెండోసారి చల్లాక నేల నీళ్ళు తాగేది. మూడోసారికి గానీ చల్లబడేది కాదు. అప్పుడు నులక మంచాలు వాల్చేవాళ్ళు. నవారు మంచం కంటే నులక మంచం మేలు, సందుల్లోంచి కిందినుంచి గాలి తగులుతుంది. రాత్రి పడుకుని చూస్తే పైన నాలుగు చుక్కలు ముసలమ్మ మంచం కోళ్ళు, తోకలా ఉన్న మూడు చుక్కలు ఆ మంచం ఎత్తుకుపోవడానికి వచ్చిన దొంగలు అని చెప్పేది అమ్మమ్మ. సప్తర్షులని బళ్ళో నేర్చుకున్నాక కూడా నాకు దొంగలే కనిపిస్తారు.

ఇప్పుడు ఇవన్నీ తలుచుకుంటే ఒక విషయం దగ్గర నా మనసు ఆగిపోతుంది. ఈ చల్లదనమంతా ఎవరో ఒకరు చేతులతో తయారుచేసి మాకు ఇచ్చినదే. మేం గచ్చు మీద పొర్లుతున్నప్పుడు అమ్మమ్మ వంటింట్లో కట్టెల పొయ్యి ముందు ఉండేది. ఆ ఇంట్లో పగటిపూట వేడిగా ఉండే గది అదొక్కటే. కుండ నింపడానికి చేదబావి దగ్గర నీళ్ళు తోడింది అత్తయ్య. వాకిలి మూడుసార్లు తడపడానికి ఎన్ని బిందెలు పట్టేవో ఆవిడ నడుముకి తెలుసు. మిద్దె మీద చవుడు తొక్కిన కూలీలకి తమ ఇళ్ళ మీద చవుడు మిద్దె ఉండేది కాదు, తాటాకు కప్పు. తాటాకు కప్పు నిజానికి చల్లగానే ఉంటుందిగానీ, అదే ఎండలో నిప్పురవ్వ పడితే వరసగా అంటుకుపోయేది. ఎండాకాలం సెలవుల్లో మాకు ఆట విడుపు, ఆ వాడలో రాత్రంతా ఎవరో ఒకరు మేలుకుని ఉండేవాళ్ళు. పాతరోజులు ఎంత చల్లగా ఉండేవో అని ఎవరైనా అంటే, ఎవరికి అని అడగాలనిపిస్తుంది నాకు.

ఎండ ఎవర్ని పట్టుకుపోతుందో మనకి తెలుసు. 2003 వేసవిలో ఉమ్మడి రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా వడదెబ్బకి పోయారు. 2015 మే నెలలో ఆంధ్రలోనూ తెలంగాణలోనూ కలిపి మళ్ళీ వెయ్యి దాటింది. ముసలివాళ్ళు, కూలి పనికి వెళ్ళినవాళ్ళే ఎక్కువ. పన్నెండింటికి ఇంటికి చేరిపోయే వీలు ఒకప్పుడు ఊరంతా కలిసి పాటిస్తేనే వచ్చింది. కంట్రాక్టరు గంటల లెక్కన పనిచేయించుకునే చోట ఆ వీలు ఎవరిస్తారు?

2022 ఏప్రిల్‌లో పల్నాడు వేరే జిల్లా అయింది. మా మిద్దె తీసేసి మామయ్య కొడుకులు స్లాబు వేశారు. పగలు స్లాబు వేడి, రాత్రి కూడా స్లాబు వేడే. అత్తయ్య గదిలో ఏసీ ఉంది, మాకందరికీ సంతోషమే. ఆవిడ నడుముకి ఆ సుఖం ఎప్పుడో దక్కాల్సింది. మిగతా గదుల్లో గడ్డి తడికల కూలర్లు. మా వైపు గాలి పొడిగాలి కాబట్టి కూలరు బాగా పనిచేస్తుంది, బాపట్లలో అదే కూలరు పెడితే గది చెమ్మగిల్లడం తప్ప ఒరిగేదేం ఉండదు. మరచెంబుకి చుట్టిన తడిగుడ్డ, కుండ, కూలరు, మూడూ ఒకటే.

అమ్మమ్మ పోయాక ఆ మజ్జిగ దాకని మామయ్య బస్టాపు దగ్గరికి తీసుకెళ్ళాడు. తాటాకు పందిరి వేసి చలివేంద్రం పెట్టాడు. ఉగాది నుంచి మృగశిర దాకా నడుస్తుంది. నాలుగు కుండలు, ఇసుక, ఎర్రగుడ్డలు, పదకొండింటికి మజ్జిగ. ఉప్పూ చక్కెరా కలిపిన ఓఆర్‌ఎస్ పొట్లాలు కూడా ఉంచుతున్నాడు ఇప్పుడు. ఒకరు ఫ్రిజ్ కొనిస్తామన్నారట. ఎండలోంచి వచ్చినవాడు మంచునీళ్ళు గడగడా తాగలేడు, కుండ నీళ్ళయితే రెండు చెంబులు తాగుతాడు అని వద్దన్నాడు. కుండలు మాత్రం ప్రతి ఏడూ కొత్తవి కావాలి, ఆ ఖర్చు మా అక్కచెల్లెళ్ళం పంచుకుంటాం. ఈసారి కుమ్మరి బండి మా ఊరు రాలేదట, మాచర్ల వెళ్ళి తెచ్చుకున్నారు. ఒక్కోటి వేలి కణుపుతో కొట్టి చూసి మరీ తెచ్చానని ఫోనులో చెప్పాడు మామయ్య.